మేంబాలం కడితే చావులు తగ్గుతాయా?



చెన్నై పెరిఫెరల్ రింగు రోడ్డు గురించి ఇప్పుడు మన వైపు మాట్లాడని ఇల్లు లేదు. ఎణ్ణూరు దగ్గర మొదలై తచ్చూరు, తిరువళ్ళూరు, శ్రీపెరుంబుదూరు, సింగపెరుమాళ్ కోయిల్ మీదుగా మహాబలిపురం పక్కన పూంజేరి దాకా పోయే రోడ్డు. మొత్తం సుమారు 133 కిలోమీటర్లు. ఇంకోపక్క చిత్తూరు–తచ్చూరు ఆరు వరుసల రోడ్డు పళ్ళిపట్టు, ఊత్తుకోట్టై తాలూకాలను దాటుకొని వస్తుంది. సెంటు ఎంత పలుకుతుంది, ఎవరి సర్వే నంబరు పోయింది, పరిహారం ఎప్పుడు చేతికి వస్తుంది, ఇవే మాటలు. మేము అడగదలుచుకున్నది వేరే. ఈ పెద్ద రోడ్లూ మన పాత రోడ్లూ కలిసేచోట మన మనుషులు ఎట్లా దాటతారు?

మేము ఇంజనీర్లం కాదు. రైల్వేలో గుమస్తా పని చేసి రిటైర్ అయినవాళ్ళం. బడిలో చదివింది తమిళం, ఇంట్లో మాట్లాడేది తెలుగు. అందుకే ఫ్లైఓవర్ అనేదానికి మా నోట ముందు మేంబాలం అనే మాటే వస్తుంది, చదివేవాళ్ళు సర్దుకోండి. మేము రోడ్డు వద్దు అనేవాళ్ళం కాదు. పాడి నుంచి తిరువళ్ళూరు మీదుగా తిరుత్తణి, రేణిగుంట పోయే మన రోడ్డులో, పాత 205, ఇప్పటి 716లో, బస్సులో నలిగినవాళ్ళకు కొత్త రోడ్డు విలువ బాగా తెలుసు. కానీ మేంబాలం వస్తే ప్రమాదాలు వాటంతట అవే పోతాయని కొందరు చెప్తున్నారు. అది సగమే నిజం.

నిజమైన సగం ముందు చూద్దాం. మామూలు నాలుగు రోడ్ల కూడలిలో బండ్ల దారులు ఒకదానికొకటి తగిలే చోట్లు 32 అని లెక్క కట్టినారు. మన కూట్రోడ్డు లాంటి మూడు దారుల కూడలిలో 9. అదే రౌండానా కడితే నాలుగు రోడ్లకు కలిపి 8కి తగ్గిపోతాయి. 32లో 16 అడ్డంగా దాటేవి. ప్రాణం తీసేది ఎక్కువగా ఇవే, ఎదుటి బండి పక్కనుంచి వచ్చి తలుపు మీద కొడుతుంది. ఒక రోడ్డును ఇంకో రోడ్డు మీదుగా ఎత్తేస్తే ఈ అడ్డం దాటేవి పోతాయి. మేంబాలం చేసే మేలు ఇది. దీన్ని ఎవరూ కాదనరు.

ఇప్పుడు మిగతా సగం. అడ్డం దాటే ప్రమాదం పోయినచోట చేరే ప్రమాదం, విడిపోయే ప్రమాదం మిగిలి ఉంటాయి. చెన్నైలో 2008లో తెరిచిన కత్తిపారా మేంబాలం మన వాళ్ళందరూ చూసిందే. పాడి దగ్గర ఉన్నదీ ఆ జాతిదే. నాలుగు రేకుల ఆకు లాగా ఉంటుంది కాబట్టి క్లోవర్‌లీఫ్ అంటారు. ఇందులో కుడికి పోవాల్సినవాడు నేరుగా కుడికి తిరగడు. పాలం దాటి, ఎడమ చేతి లూపులో దిగి, ముప్పావు చుట్టు తిరిగి కావలసిన రోడ్డు ఎక్కుతాడు. చిక్కు ఎక్కడంటే, ఒక లూపులోనుంచి రోడ్డు ఎక్కేవాడు, పక్క లూపులోకి దిగేవాడు ఇద్దరికీ దొరికేది ఒకే చిన్న ముక్క. ఎక్కేవాడు కుడికి జరగాలి, దిగేవాడు ఎడమకు జరగాలి. జడ అల్లినట్టు బండ్లు ఒకదాని దారిలో ఒకటి పోవాలి. అదే ఎడమ అంచులో మన టూవీలర్లు, షేర్ ఆటోలు పోతుంటాయి. కంటైనర్ లారీ డ్రైవర్‌కు ఆ మూల సరిగా కనిపించదు.

దీనికి మందు లేదా అంటే ఉంది. ఆ అల్లిక జరిగే ముక్కను పెద్ద రోడ్డునుంచి విడదీసి, మధ్యలో గోడ పెట్టి, పక్కన వేరే చిన్న రోడ్డుగా నడిపిస్తారు. లేదంటే లూపులు తగ్గించి వేరే ఆకారం తీసుకుంటారు. రెండింటికీ స్థలం కావాలి, డబ్బు కావాలి. భూమి తీసుకునేటప్పుడే ఆలోచించకపోతే తర్వాత చేసేదానికి ఉండదు. మేము ఇప్పుడే మాట్లాడమని చెప్పేది అందుకే.

రెండో సంగతి దిగే ర్యాంపు. అమెరికాలో ఉత్తర వర్జీనియా హైవేల ర్యాంపుల దగ్గర జరిగిన ప్రమాదాలను పరిశీలించి 2004లో అచ్చువేసినారు. అందులో సుమారు సగం, బండి హైవే వదిలి బయటికి దిగేటప్పుడు జరిగినవే. రోడ్డు తప్పి పక్కకు పోవడమే వాటిలో ఎక్కువ. కారణం మనకూ అర్థమవుతుంది. గంటసేపు వందలో వచ్చినవాడికి అరవై కూడా మెల్లగా పోతున్నట్టే ఉంటుంది. ర్యాంపు వంపు నలభైకి కట్టినది. వేగం రెండింతలైతే వంపులో బండిని బయటికి తోసే బలం నాలుగింతలు అవుతుంది. ఎత్తుగా లోడు కట్టిన లారీ కారు కంటే ముందే పల్టీ కొడుతుంది. ఎణ్ణూరు, కాట్టుపళ్ళి రేవులనుంచి శ్రీపెరుంబుదూరు, ఒరగడం ఫ్యాక్టరీలకు తిరిగేవి ఎట్లాంటి బండ్లో మనకు తెలుసు.

హైదరాబాదులో జరిగింది చాలామందికి గుర్తుండే ఉంటుంది. గచ్చిబౌలి వైపు బయోడైవర్సిటీ కూడలిలో రెండో అంతస్తు ఫ్లైఓవర్ 2019 నవంబర్ 4న తెరిచినారు. అదే నెల 23న ఒక కారు వంపులో ఆగక, పైనుంచి కింది రోడ్డు మీద పడింది. కింద నిలబడి ఉన్న ఒక ఆడమనిషి చనిపోయింది. ఆమె ఫ్లైఓవర్ ఎక్కలేదు, బండి నడపలేదు. అక్కడ నలభైకి మించి పోకూడదు, కారు వచ్చింది వంద దగ్గర వేగంతో అని పోలీసులు చెప్పినారు. నడిపినవాడిది తప్పే. కానీ తర్వాత ఏం చేసినారు? ఫ్లైఓవర్ మూసినారు, నిపుణుల కమిటీ వేసినారు, వేగం తగ్గించే పట్టీలు, హెచ్చరిక బోర్డులు పెట్టి 2020 జనవరిలో తిరిగి తెరిచినారు. ఆ పని తెరవకముందే చేసి ఉండవచ్చు కదా?

ఇక్కడ ఒకరు తప్పకుండా అంటారు, "ఎంత మంచి రోడ్డు వేసినా తాగి నడిపేవాడిని, స్పీడుగా పోయేవాడిని ఏం చేస్తారు?" అని. కేంద్ర ప్రభుత్వ లెక్కలో కూడా 2022లో చనిపోయినవాళ్ళలో సుమారు 71 శాతానికి కారణం అతివేగం అనే ఉంది. కానీ ఆ లెక్క పోలీసు స్టేషన్‌లో రాసే కేసునుంచి పుట్టేది. కేసు అనేది ఎవరి మీద పెట్టాలో వెతికే కాగితం. వంపు ఎందుకు అంత బిగువుగా ఉంది, బోర్డు ఎందుకు అంత దగ్గరగా పెట్టినారు అని అది అడగదు.

రైల్వేలో పద్ధతి వేరే. మనిషి తప్పు చేస్తాడు అని ముందే ఒప్పుకొని ఏర్పాటు చేస్తారు. ఇంటర్‌లాకింగ్ ఉన్న గేటు మూసి తాళం పడితే తప్ప సిగ్నల్ దిగదు. గేట్‌మన్ నిద్రమత్తులో ఉన్నా సరే, తెరిచిన గేటుకు పచ్చ సిగ్నల్ రాదు. కాపలా లేని గేట్ల దగ్గర ఎన్ని ఏళ్ళు "ఆగి చూసి పొండి" అని బోర్డులు పెట్టినా చావులు ఆగలేదు. 2019 జనవరి 31 నాటికి బ్రాడ్‌గేజ్‌లో అట్లాంటి గేట్లనే లేకుండా చేసినారు, అప్పుడు ఆ చావులు ఆగినాయి. ఇంకో ముఖ్యమైన మాట. పెద్ద రైలు ప్రమాదం జరిగితే విచారణ చేసే సేఫ్టీ కమిషనర్ రైల్వే మంత్రి కింద పనిచేయడు, పౌర విమానయాన శాఖ కింద ఉంటాడు. తన ఇంటి తప్పు తానే తేల్చుకోకూడదని. రోడ్డు ప్రమాదానికి అట్లాంటి విచారణ ఎవరు చేస్తున్నారు?

చట్టం ఒక అడుగు వేసింది. మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణలో 198ఏ సెక్షన్ వచ్చింది. ప్రమాణాల ప్రకారం రోడ్డు కట్టక, దానివల్ల ఎవరైనా చనిపోయినా వికలాంగులైనా, అధికారి, కాంట్రాక్టర్, కన్సల్టెంట్ ఎవరిది బాధ్యత అయితే వాళ్ళకు లక్ష రూపాయల దాకా జరిమానా. కోట్ల పనికి లక్ష ఏ మూలకు? అయినా రోడ్డు కట్టినవాడిది కూడా తప్పు అయ్యే వీలుంది అని చట్టం ఒప్పుకుంది. మనం పట్టుకోవలసింది ఆ మాటను.

ఎవరు చస్తున్నారో కూడా చూడండి. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో పోయినవాళ్ళు 1,68,491 మంది. అందులో టూవీలర్ మీద పోయేవాళ్ళు 74,897, నడిచేవాళ్ళు 32,825. అంటే దగ్గరదగ్గర ముగ్గురిలో ఇద్దరు. ప్రమాదాల సంఖ్యలో ఆ ఏడు దేశంలో మొదటి స్థానం మన తమిళనాడుది, 64,105. మొత్తం రోడ్ల పొడవులో నేషనల్ హైవేలు సుమారు రెండు శాతమే, చావుల్లో వాటి వాటా 36 శాతం. అయినా ఇంటర్‌చేంజ్ బొమ్మ గీసేటప్పుడు అందులో కనిపించేవి కార్లు, లారీలే. మన పాండూరు వైపు రోడ్డు దాటేది ఎవరు? గడ్డిమోపు నెత్తిన పెట్టుకున్న అమ్మ, సైకిల్ మీద బడికి పోయే పిల్ల, బస్సు దిగిన కాలేజీ పిల్లలు. ఆడి కృత్తికకు కావడి మోసుకొని తిరుత్తణి పోయేవాళ్ళు, పెరటాసిలో తిరుమలకు నడిచేవాళ్ళు, అమావాస్యకు వీరరాఘవస్వామి గుడికి వచ్చే జనం. వీళ్ళను అర కిలోమీటరు చుట్టి రమ్మంటే రారు. గోడ ఎక్కి దూకుతారు, లేకపోతే రాంగ్ సైడులో వస్తారు. అప్పుడు తప్పు వాళ్ళది అంటారు.

అందుకని మన సంఘం తరఫున ఐదు కోరికలు పెడదామని మా ఆలోచన.

ఒకటి, ఇప్పుడు జనం నడిచి దాటే చోటనే సబ్‌వే కావాలి. దీపం ఉండాలి, వానకు నీళ్ళు నిలవకూడదు. నీళ్ళు నిలిచే సబ్‌వే లేనట్టే.

రెండు, సర్వీసు రోడ్డు తెగకుండా రెండు పక్కలా ఉండాలి. అది తెగినచోటే రాంగ్ సైడు పుడుతుంది.

మూడు, బస్ స్టాపింగ్ ర్యాంపు దిగేచోట ఉండకూడదు, దూరంగా లోపలికి పెట్టాలి.

నాలుగు, దిగే దారి గురించిన బోర్డులు చాలా ముందునుంచే ఉండాలి. తమిళం, ఇంగ్లీషుతోపాటు తెలుగులో కూడా. ఈ రోడ్డులో తిరిగే బండ్లలో నగరి, పుత్తూరు, తిరుపతి వైపునుంచి వచ్చేవి ఎన్నో లెక్కపెట్టండి. ఇది భాషాభిమానం కాదు, చివరి క్షణంలో బ్రేకు కొట్టకుండా చేసే ఏర్పాటు.

ఐదు, రోడ్డు తెరవకముందే సేఫ్టీ ఆడిట్ చేయాలి, ఆ రిపోర్టు గ్రామసభలో చదివి వినిపించాలి. ఆడిట్ ఎట్లా చేయాలో ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ పుస్తకమే ఉంది. చేసినది జనానికి తెలియాలి.

జిల్లా రోడ్డు భద్రతా కమిటీకి కలెక్టరే అధ్యక్షుడు. సోమవారం మనునీతి నాడు తిరువళ్ళూరులో అర్జీ ఇవ్వవచ్చు. గ్రామసభలో తీర్మానం పెట్టించి దాని నకలు జత చేస్తే ఇంకా బలం. అర్జీ తమిళంలో రాసే పని మేము చేస్తాము. నలభై ఏళ్ళు ఫైళ్ళు నడిపిన చేతికి అది కష్టం కాదు. మీరు చేయవలసింది ఒకటే. మీ ఊరి దగ్గర జనం ఎక్కడ దాటతారు, ఏ వేళకు ఎంతమంది దాటతారు అని ఒక రోజు నిలబడి లెక్క రాసి పంపండి. బజారు రోజైతే మంచిది. భూమి పరిహారం లెక్క అందరూ జాగ్రత్తగా చూసుకుంటున్నారు. ఈ లెక్క కూడా చూసుకుందాం. కాంక్రీటు పోసినాక ఎవరూ వినరు.