సవర నేర్చిన మాస్టారు

ఏటా ఆగస్టు 29 వస్తే మన జిల్లాలో గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారి పటానికి దండలు పడతాయి. తెలుగు భాషా దినోత్సవం కదా! వాడుక భాషపై నాలుగు మాటలు చెప్పి, ఫొటో దిగి, ఎవరిళ్లకు వారు వెళతారు. ఆయన బడిపంతులన్న సంగతి ఎవరికీ గుర్తు రాదు.

ముఖలింగం దగ్గర పర్వతాలపేటలో 1863లో పుట్టిన పంతులుగారు, 1880లో పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో ఉపాధ్యాయుడిగా చేరారు. పాఠం చెప్పేది చరిత్ర. పుస్తకంతో ఊరుకోక, పాత లిపులు సొంతంగా నేర్చి ముఖలింగం శాసనాలు చదివారు. అది పండితులు మెచ్చే పనే. రెండో పని అలాంటిది కాదు. సవర తెలిసిన మనిషిని ఇంట్లోనే పెట్టుకుని, ఏళ్ల తరబడి ఆ భాష నేర్చుకున్నారు. ఆ రోజుల్లో అదెంత సాహసమో పెద్దవారికి చెప్పనక్కర లేదు. సవర పిల్లలకు వాచకాలు రాశారు. సొంత ఖర్చుతో బళ్లు పెట్టారు. ప్రభుత్వం పారితోషికం ఇస్తామంటే, ఆ సొమ్ముతో సవరలకు బడి పెట్టమన్నారు. ఈ రోజుల్లో అయితే పిచ్చి పంతులనే వారం!

అడవి దారుల్లో తగిలిన జ్వరానికి క్వినైను మింగి వినికిడి పోగొట్టుకున్నారు. అయినా పని ఆపలేదు. సవర వ్యాకరణం 1931లో, సవర–ఇంగ్లీషు నిఘంటువు 1938లో వెలువడ్డాయి. అప్పటికి ఆయనకు 75 ఏళ్లు.

ఇప్పటి సంగతి చూద్దాం. సీతంపేట 2022లో మన్యం జిల్లాకు పోయినా, మందస, మెళియాపుట్టి కొండల్లో సవర గూడేలు మనకున్నాయి. ఒకటో తరగతి పిల్లవాడికి మాస్టారి మాట అర్థం కాకపోతే మొద్దు అంటాం. వాడు రెండేళ్లు నోరు మూసుకు కూర్చుని, మూడో ఏట పశువుల వెంట పోతే, చదువుపై ఆసక్తి లేదని రాసేస్తాం. వాడి మాట మాస్టారికి రాదన్నది ఏ రిజిస్టరులోనూ ఎక్కదు.

తప్పంతా మాస్టార్లదే అనలేం. భాష రాని చోటికి పంపి, నేర్చుకునే వీలు కల్పించకపోతే, బదిలీ కోసం ఎదురు చూడక వారేం చేస్తారు? సవర నేర్చిన వారికి ఒక ఇంక్రిమెంటు ఇవ్వాలి. చదువుకున్న సవర యువకులనే ఆ బళ్లలో ముందుగా వేయాలి. ఖజానాకు ఇదేమంత భారం కాదు.

వచ్చే ఆగస్టు సభలో అధికారులు ఉపన్యాసాలు కాస్త తగ్గించి, మన కొండ గ్రామాల బళ్లలో సవర వచ్చిన టీచర్లు ఎందరో పేరుపేరునా చదివి వినిపించాలి.