పల్నాటి పేర్లలో పాతమాటలు

2022 ఏప్రిల్ 4వ తేదీన నరసరావుపేట ముఖ్యపట్టణముగా పల్నాడు జిల్లా ఏర్పడినది. నామఫలకములు, ముద్రలు, పటములు క్రొత్తగా వ్రాయవలసి వచ్చినవి. అయినను ఆ పేరులోని ‘నాడు’ అనగా నేమియని బడిపిల్లల నడిగినచో, గడచిన దినమని చెప్పుదురు. పాఠశాలల బాగుసేతకు 2019లో చేపట్టిన పథకమునకు ‘నాడు-నేడు’ అని పేరిడుటచే వారికి ఆ యర్థమే స్థిరపడినది. పల్నాడు, వెలనాడు, రేనాడు అను పేర్లలో నాడు అనగా సీమ.

వాడుకలో గతించి పేర్లలో బ్రదికియున్న మాటలు ఆంగ్లమునను కలవు. మాంచెస్టరు, వించెస్టరు అను పేర్ల చివరనున్న ‘చెస్టరు’, రోమనుల దండువిడిదిని తెలుపు లాటిను పదమునుండి వచ్చినది. డెర్బీ, గ్రిమ్స్‌బీలలోని ‘బీ’ డేనుల భాషలో పల్లె. నాటింగ్‌హామ్‌లోని ‘హామ్’ నివాసము. అవే యక్షరములు విడిగా కనబడినచో నేటి ఆంగ్లేయునికి పందిమాంసము స్ఫురించును!

మన విద్యార్థుల స్థితియు నట్టిదే. నకరికల్లు పేరు వినగానే తాటిచెట్టు తలపునకు వచ్చును. కాని ప్రాచీన ద్రావిడ పదమైన ‘కల్లు’నకు రాయి యని యర్థము; కన్నడమున నేటికిని ఆ మాట కలదు. ఓరుగల్లును ఏకశిలానగర మనుటయు నిందులకు సాక్ష్యమే. పెదకూరపాడు, యడ్లపాడులలోని ‘పాడు’ శైథిల్యము కాదు, ఊరు. రొంపిచర్లలో రొంపి యనగా బురద, చర్ల చెఱువునకు చుట్టము. మాచర్ల చివర వినబడునదియు ఆ చర్లయే.

ఇందొక వింత కలదు. మాచర్లను ఆంగ్లలిపిలో వ్రాయునపుడు ‘మాచెర్ల’ యని చదువబడునట్లు వ్రాయుదురు. చెఱువులోని ఎత్వము అచ్చట నిలిచినది. గురజాలను ‘జెడ్’ అక్షరముతో వ్రాయుదురు. నాలుకకొన పండ్లకు తగులగా పుట్టు దంత్య జకారమునకు అది గుర్తు. బ్రౌను దొర తన నిఘంటువులో దానిని వేరుగా చూపినాడు. మన వాచకములలో ఆ భేదము సాధారణముగా కానరాదు. మన యుచ్చారణకు పరభాషాలిపి సాక్షిగా మిగిలినది!

కావున పేర్లను దిద్దబూనువారు తొందరపడరాదు. అర్థము తోపలేదని ఒక యక్షరమును మార్చినచో, శతాబ్దముల ఆధారమొకటి చెరిగిపోవును. అట్లే అక్షరసామ్యము చూచి అన్నిటికిని ఒకే యర్థము కట్టుటయు తప్పు. శాసనములలోని రూపమును, వృద్ధుల ఉచ్చారణను సరిచూచి నిర్ణయింపవలెను.

ఇందులకు పెద్ద పరిషత్తులు అక్కరలేదు. ఉపాధ్యాయుడు నల్లబల్లపై తమ మండలములోని ఊళ్ల పేర్లు వ్రాసి, ఒకే తుదిగల వానిని వేరుచేయుమన్న చాలును. తన ఊరు ‘పాడు’ అని తోడివారు ఎగతాళి చేయగా తలవంచుకొను బాలుడు, ఆనాడు తలయెత్తి బదులు చెప్పగలడు.