మందు చెప్పే ముందు పురుగు ఫొటో తీయాలి

రైతులకు, గ్రామ సభలకు, వ్యవసాయ శాఖకు విజ్ఞప్తి

మిరప ఆకు పైకి ముడుచుకుంటే తామర పురుగు, కిందికి ముడుచుకుంటే నల్లి. ఇది మిరప వేసే ప్రతి రైతుకూ తెలిసిందే. కానీ రెండూ ఒకే మొక్క మీద చేరి, వైరస్ తెగులు కూడా తోడైతే ముడత చూసి తేల్చడం కష్టం. తామర పురుగు పొడవు సుమారు ఒక మిల్లీమీటరు. నల్లి అందులో సగమైనా ఉండదు. ఒకదానికి పనిచేసే మందు రెండోదానికి పనిచేయకపోవచ్చు. 2021లో గుంటూరు, ఖమ్మం, వరంగల్ తోటలను దెబ్బతీసిన నల్ల తామర పురుగు ఎక్కువగా పూతలో చేరుతుంది. పాత అలవాటుగా ఆకులు మాత్రమే వెతికితే దొరకదు. మందు ఏదో తేలాలంటే ముందు పురుగు ఏదో తేలాలి. అందుకే తెలంగాణలో ప్రతి రైతు వేదికలో, ఆంధ్రప్రదేశ్‌లో ప్రతి రైతు సేవా కేంద్రంలో అతి దగ్గరి ఫొటోలు తీసే డిజిటల్ కెమెరా ఒకటి ఉంచాలని, దాని వాడకం సిబ్బందికి నేర్పాలని కోరుతున్నాం.

జేబులో ఫోన్ ఉండగా కెమెరా ఎందుకని అడగవచ్చు. చాలా ఫోన్ల ప్రధాన కెమెరా బెత్తెడు దూరం లోపు ఫోకస్ పట్టదు. చవక ఫోన్లలో మాక్రో పేరుతో పెట్టేది తరచూ 2 మెగాపిక్సెళ్ల కెమెరా. 2024 ఆగస్టులో కేంద్రం తెచ్చిన జాతీయ చీడపీడల నిఘా వ్యవస్థ యాప్ కూడా పంపిన ఫొటోనే చూస్తుంది. ఫొటోలో లేని వివరం ఏ యాప్‌కూ దొరకదు. భూతద్దం పొలంలో ఉన్నవారికి చాలు గానీ, లాం పరిశోధన స్థానంలోని శాస్త్రవేత్తకు అందులోని దృశ్యం చేరదు.

అలాగని ఖరీదైన పెద్ద కెమెరా అక్కర్లేదు. పెద్ద సెన్సర్ కెమెరాతో పురుగు బొమ్మ సెన్సర్ మీద అసలు సైజులో పడేలా తీస్తే, ఎఫ్/8 అపర్చర్ దగ్గర స్పష్టంగా కనిపించే లోతు ఒక మిల్లీమీటరే. ఆకు కాస్త కదిలినా ఫొటో పాడవుతుంది. అదే ఫ్రేములో చిన్న సెన్సర్ కెమెరాకు ఎక్కువ లోతు దక్కుతుంది. కాబట్టి టెండరులో మెగాపిక్సెళ్ల కంటే ముందు రాయాల్సినవి: సెంటీమీటరు దూరంలో ఫోకస్ పట్టడం, ఫోకస్ మార్చుతూ తీసిన ఫొటోలను తానే ఒకటిగా కలపడం, దుమ్మూ నీరూ తట్టుకోవడం. అంత దగ్గరికి వెళితే కెమెరా నీడ పురుగు మీదే పడుతుంది గనక లెన్స్ చుట్టూ అమరే లైటూ కావాలి.

కెమెరా కొని బీరువాలో పెడితే లాభం లేదు. పురుగులో ఏ భాగం తీయాలో కూడా తెలియాలి. 2018లో దేశంలో బయటపడిన కత్తెర పురుగుకు తల మీద తలకిందులైన ఇంగ్లిష్ వై గుర్తు, తోక దగ్గర చదరంగా నాలుగు నల్ల చుక్కలు ఉంటాయి. ఇది తెలియనివారు నడుం ఫొటో తీసి పంపితే ఏమీ తేలదు. ప్రతి ఫిర్యాదుకూ మూడు ఫొటోలు తప్పనిసరి చేయాలి: మొత్తం మొక్క, ఆకు అడుగుభాగం లేదా పూత, మిల్లీమీటరు స్కేలు పక్కన పురుగు. ఫొటోతో తేలనివి కొన్ని ఉంటాయి. వాటి నమూనాను ప్రయోగశాలకు పంపాలని ఆ ఫొటోయే చెబుతుంది.

ఖర్చు మాటకొస్తే, తెలంగాణలో ఒక్కో రైతు వేదిక సుమారు 5,000 ఎకరాల క్లస్టర్‌ది. అందులో కొన్ని పదుల ఎకరాల మిరపకు ఒక్క అనవసర పిచికారీ తప్పినా కెమెరా ధర తిరిగి వచ్చినట్టే. వచ్చే గ్రామ సభలో ఈ మేరకు తీర్మానం చేయించండి. ప్రతిని మండల వ్యవసాయ అధికారికి అందజేసి రసీదు తీసుకోండి.