నక్షాలో కనిపించని వరద

న్యూఢిల్లీ: పార్లమెంటు విలేఖరుల గ్యాలరీలో చాలకాలం కూర్చున్నవానికి కొన్ని సమాధానాలు కంఠస్థమైపోతాయి. వరదలను గూర్చి ఏ పక్షపు సభ్యుడు ప్రశ్న వేసినా కేంద్రప్రభుత్వం ఇచ్చే సమాధానం అటువంటిదే. వరదల నియంత్రణ రాష్ట్రాల బాధ్యత. కేంద్రం పాత్ర సాంకేతిక సహాయానికి, సలహాకు, ప్రోత్సాహానికి పరిమితం. వరద మైదానాలలో కట్టడాలను క్రమబద్ధం చేసే నమూనా బిల్లును 1975లోనే రాష్ట్రాలకు పంపినాము. ఇంతటితో మంత్రిగారు కూర్చుంటారు. సభ్యుడూ కూర్చుంటాడు. ఆ సమాధానం వెనుక ఎంతటి వంచన ఉన్నదో గత వర్షాకాలంలో బిలాస్‌పూర్ వెళ్ళి వచ్చినదాకా నాకు పూర్తిగా తెలిసిరాలేదు.

బిలాస్‌పూర్ మనవారికి కొత్త ఊరు కాదు. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే నాటినుంచి శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల తెలుగువారు అక్కడ బండ్లు నడిపారు, పట్టాలు సరిచేశారు, గుమాస్తాలుగా పనిచేశారు. 2003లో ఆగ్నేయ మధ్య రైల్వేకు ఆ ఊరే కేంద్రమైంది. నేటికీ రైల్వే కాలనీలో నడుస్తుంటే ఏదో ఒక వాకిట తెలుగు మాట వినిపిస్తుంది. మా మేనబావ ఒకరు అక్కడే ఉద్యోగవిరమణ చేశారు. రైల్వేవాని జీవితంలో ఒక చిత్రమున్నది. ముప్పై అయిదేండ్లు ప్రభుత్వపు కప్పు క్రింద ఉండి, అరవయ్యో ఏట హఠాత్తుగా సొంత కప్పు వెదుక్కోవాలి. క్వార్టరు ఖాళీ చేయవలసిన గడువు ఒకవైపు, చేతికి వచ్చిన ప్రావిడెంట్ ఫండ్ మరొకవైపు. ఊరి నడుమ స్థలం కొనగల తాహతు లేదు. చౌకగా దొరికేది పల్లంలోనే.

మా బావ కొన్న స్థలం అటువంటిదే. వేసవిలో చూస్తే చక్కని మైదానం, పక్కన ఎండిన నాలా. ఖస్రా నంబరు సరిగా ఉన్నది, రిజిస్ట్రేషను అయింది, నక్షా పాసయింది. ఇంటి ప్లానును అక్కడివారు నక్షా అంటారు. రెండవ వర్షాకాలంలో నడిరేయి నీరు గడప దాటి మంచం కోళ్ళ వరకు వచ్చింది. నేను వెళ్ళేనాటికి గోడమీద ఆ నీటి చార ఇంకా ఉన్నది. ఆయన నక్షా కాగితం తెచ్చి నా ముందు పరచి ఇట్లా అన్నారు: "మరుగుదొడ్డి ఎక్కడ, మెట్లు ఎక్కడ, పక్కవాడి గోడకు ఎన్ని అడుగులు వదిలావు, అన్నీ అడిగారు బావా. నీరు ఎంత ఎత్తుకు వస్తుందని మాత్రం ఒక్కడూ అడగలేదు."

ఆయన ఫిర్యాదులో ఈ సమస్య సారాంశమంతా ఉన్నది. అర్పా నది పెండ్రా ప్రాంతంలో పుట్టి, బిలాస్‌పూర్ మధ్యగా పోయి శివనాథ్‌లో కలుస్తుంది. ఛత్తీస్‌గఢ్ రాష్ట్రగీతం ఆ నది పేరుతోనే మొదలవుతుంది. కాని ఏడాదిలో అధికభాగం అందులో కనిపించేది ఇసుకే. ఆ ఇసుక అక్రమ తవ్వకాలపై, నది కాలుష్యంపై అదే ఊళ్ళోని హైకోర్టు అనేక పర్యాయాలు విచారణ జరిపింది. ఇటువంటి నదులతోనే ప్రమాదం ఎక్కువ. నిండుగా పారే నదిని చూసి మనిషి జంకుతాడు. ఎండిన నదిని చూసి గజం తాడు తెస్తాడు.

1975 నాటి నమూనా బిల్లులో లోపం లేదు. ఆసుపత్రులు, విద్యుత్కేంద్రాలు, రైల్వేస్టేషన్ల వంటివి నూరేండ్లకు ఒకసారి వచ్చే వరదమట్టానికి పైన ఉండాలి. ప్రభుత్వ కార్యాలయాలు, నివాసగృహాలు పాతికేండ్ల వరదమట్టానికి పైన ఉండాలి. ప్రమాద మండలంలోనైతే స్తంభాలపై కట్టాలి. మిగిలిన పల్లం పార్కులకు, ఆటస్థలాలకు వదలాలి. ఇంత సులభమైన మాటను అర్ధశతాబ్దంలో శాసనంగా మలచినవి మణిపూర్ (1978), రాజస్థాన్ (1990), పూర్వపు జమ్మూకాశ్మీర్ (2005), ఉత్తరాఖండ్ (2012) మాత్రమే. అక్కడ కూడ హద్దులు గీచే పని మిగిలే ఉన్నదని కేంద్రమే చెప్పుకొన్నది. ఛత్తీస్‌గఢ్ ఆ జాబితాలో లేదు. మన రెండు రాష్ట్రాలూ లేవు.

మనకు నిబంధనలు లేవని కాదు. ఉమ్మడి రాష్ట్రంలో 2012లో వెలువడిన 168వ నంబరు ఉత్తర్వు, పట్టణ పరిధిలో నది ఒడ్డున 50 మీటర్లు, వెలుపల 100 మీటర్లు విడిచిపెట్టమన్నది. పెద్ద వాగుకు 9 మీటర్లు, పది మీటర్లకు మించని వాగుకు 2 మీటర్లు చాలునన్నది. ఈ కొలతలన్నీ ఒడ్డునుంచి దూరాన్ని చెబుతాయి గాని నీటి ఎత్తును చెప్పవు. 2024 సెప్టెంబరులో బుడమేరు విజయవాడ సింగ్‌నగర్‌ను ముంచినపుడు అది తొమ్మిది మీటర్ల దగ్గర ఆగలేదు.

నిబంధన ఒక చేత, క్షమాపణ మరొక చేత పట్టుకొని ఉండటం మన ప్రభుత్వాల అలవాటు. అనధికార నిర్మాణాలను క్రమబద్ధం చేయడానికి ఛత్తీస్‌గఢ్ 2002లో చట్టం చేసి, 2022లో దానిని సవరించింది. మన రాష్ట్రాలలో లేఅవుట్లకు, భవనాలకు ఎన్ని పర్యాయాలు ఇటువంటి పథకాలు వచ్చాయో పాఠకులకు తెలుసు. చెరువులను, నాలాలను మినహాయించామని ఉత్తర్వులో వ్రాస్తారు. కాని నాలా ఎక్కడున్నదో చెప్పే పటం లేనపుడు ఆ మినహాయింపుకు అర్థమేమిటి? రుసుము చెల్లించినంత మాత్రాన పల్లం మెరక కాదు.

ఇక్కడ రైల్వేనుంచి నేర్వవలసిన పాఠం ఒకటున్నది. రైల్వే నిర్మాణాలకు ఇతర చట్టాల ఆటంకం లేకుండా 1989 రైల్వే చట్టం 11వ సెక్షను అధికారమిచ్చింది. అయితే అదే చట్టం 16వ సెక్షను ఒక బాధ్యతను మోపింది: కట్ట వేయకముందు నీరు ఎంత స్వేచ్ఛగా పారేదో, వేసిన తరువాత కూడ సాధ్యమైనంతవరకు అట్లాగే పారేటట్లు తూములు, కల్వర్టులు కట్టాలి. అవి చాలునా అన్నది రాష్ట్రప్రభుత్వం తేల్చాలి. ఇటువంటి నియమం 1890 నాటి చట్టంలోనే ఉన్నది. స్థానిక అనుమతి అక్కరలేని రైల్వేను నీటిని గూర్చి అడుగుతున్నాము. అనుమతికోసం నెలల తరబడి తిరిగే గృహస్థును, అతనికి స్థలమమ్మిన వ్యాపారిని అడగటం లేదు.

కఠినమైన చట్టం వస్తే బీదవాడే బలి అవుతాడని రాజకీయవేత్తలు అంటారు. ఆ భయం నిరాధారం కాదు. బుల్‌డోజరు ముందుగా గుడిసె దగ్గరకే వెళుతుందని మనం చూస్తూనే ఉన్నాము. అందుకే 2024 నవంబరులో సుప్రీంకోర్టు, పదిహేను రోజుల నోటీసు లేనిదే ఇండ్లు కూల్చరాదన్నది. మరుసటి నెలలోనే, అక్రమ నిర్మాణానికి కాలం గడిచినంత మాత్రాన సాధుత్వం రాదనీ, పూర్తి ధ్రువపత్రాలు చూసిన తరువాతనే బ్యాంకులు అప్పులివ్వాలనీ అన్నది. ఈ రెండు తీర్పులనూ కలిపి చదవాలి. ఇల్లు లేచిన తరువాత కూల్చటం క్రూరత్వం. లేవకముందు హెచ్చరించటం ప్రభుత్వధర్మం. బీదవాని పేరు చెప్పి పటం గీయకపోతే లాభపడేది పల్లాన్ని గజాల లెక్కన అమ్మేవాడు.

కోరవలసినది పెద్ద సంస్కరణ కాదు. ప్రతి పట్టణానికి వరదమట్టపు పటం తయారుచేసి వార్డు కార్యాలయంలో గోడకు తగిలించాలి. ప్రతి అనుమతి పత్రంపై ఆ స్థలంలో తెలిసిన అత్యధిక నీటిమట్టం, ఇంటి పీఠం ఎత్తు వ్రాసి, వ్రాసిన అధికారి సంతకం చేయాలి. అది లేని లేఅవుటును రిజిస్టరు చేయరాదు. కేంద్రం సలహాతో తృప్తిపడక, వరద సహాయ నిధులను ఈ పటాలతో ముడిపెట్టాలి. భూమి, నీరు రాష్ట్రాల జాబితాలో ఉన్నా, డబ్బు సంచి మూతి ఢిల్లీలోనే ఉన్నది గదా!

మా బావ ఇప్పుడు గడపకు అడ్డంగా రెండు వరుసల ఇటుక పేర్పించారు. మంచం కాళ్ళ క్రింద కూడ ఇటుకలు పెట్టారు. ఆయన పింఛనుతో చేయగలిగినది అంతే. మిగిలినది చేయవలసినవారు వచ్చే సమావేశాలలో కూడ 1975 సంవత్సరాన్నే గుర్తుచేసి కూర్చుంటారేమోనని నా భయం.