నిప్పుల చెంత కల్లుముంత

తెలుగున నంజుడు అనగా మాంసము. నంజుకొనుట యనగా ఆహారపానములకు తోడుగా రుచియైన దానిని కొద్దికొద్దిగా కొరికి తినుట. రెండును ఒక్క ధాతువునుండి పుట్టిన మాటలే. సంస్కృతమున అమరసింహుడు శలాకకు గ్రుచ్చి కాల్చిన మాంసమునకు శూలాకృతము, భటిత్రము, శూల్యము అని మూడు పేర్లు చెప్పి, మద్యముతో నంజుకొను పదార్థమునకు అవదంశమని వేరొక పేరు చెప్పినాడు. 12వ శతాబ్దిలో పశ్చిమ చాళుక్య చక్రవర్తి మూడవ సోమేశ్వరుడు తన మానసోల్లాసమున సంబారములు పట్టించిన మాంసఖండములను నిప్పులపై కాల్చు విధమును వర్ణించెను. కావున నగరములలో నేడు బార్బెక్యూ అను పేర మేడలమీద జరుగుచున్న విందు ఈ దేశమునకు క్రొత్తది కాదు. పేరు క్రొత్తది, పేరుతోపాటు వచ్చిన సీసా క్రొత్తది.

ఆ నిప్పుల చెంత ఏ పానము తగును అని యడిగినచో, పట్టణవాసి విస్కీ యనియో బీరనియో వెంటనే బదులు చెప్పును. కల్లు అని చెప్పువాడు అరుదు. చెప్పినచో నవ్వువారే యెక్కువ. ఆ నవ్వు తెలియమివలన పుట్టినది. కాల్చిన మాంసమునకు తెలుగునేలపై తగిన పానము కల్లే. అదియు తన చెట్టునకు, తన వేళకు, తన పంక్తికి కట్టుబడి యున్నంతవరకే.

తూర్పు కనుమలలో మారేడుమిల్లి, అరకు ప్రాంతముల బొంగుకోడి ఇందుకు మంచి నిదర్శనము. పచ్చివెదురును ఒకవైపు కణుపు ఉండునట్లు నరికి, ఉప్పు, కారము, పసుపు, అల్లము, వెల్లుల్లి పట్టించిన కోడిమాంసమును అందు కూరి, మూతిని ఆకులతో బిగించి, నిప్పులమీద త్రిప్పుచు కాల్చుదురు. నూనెచుక్క పడదు. వెదురులోని తడియే ఆవిరియై మాంసమును ఉడికించును. పైబొంగు నల్లబడునప్పటికి లోపలి మాంసము మెత్తబడి వెదురు వాసన పట్టును. దానికి తోడు కొండలలో జీలుగు కల్లు. జీలుగుచెట్టు ఏండ్ల తరబడి పెరిగి, పైనుండి క్రిందికి వరుసగా గెలలు వేసి, కడపటి గెలతో తానును ఎండిపోవును. ఆ గెలలను గీచి పట్టినదే జీలుగు కల్లు. వండుటకు వెదురును, త్రాగుటకు కల్లును ఒక్క అడవియే యిచ్చుచున్నది.

ఈ జోడింపు ఆచారముచేత మాత్రమే నిలిచినది కాదు. దాని కారణము నాలుకకు తెలియును. కాల్చిన మాంసపు కొవ్వు నాలుకపై పొరవలె పట్టును. కల్లులోని పులుపును, నురుగును ఆ పొరను కడిగి, తరువాతి ముక్కకు నోటిని సిద్ధపరచును. ఇక కారము సంగతి. మిరపకారమునకు మండెడి నాడులే మద్యపు ఘాటునకును మండును. అందుచేత ఘాటైన మద్యము కారపుమాంసపు మంటను పెంచును గాని చల్లార్చదు. ఒకనాటి కల్లులో మద్యసారము సుమారు నూటికి 4, 5 పాళ్లు. విస్కీ, బ్రాందీలలో 40 పాళ్లకు పైబడి యుండును. మాంసము రుచి తెలిసి తినగోరువానికి ఏది తగునో వేరుగ చెప్పనక్కరలేదు.

ఇట్టి పొందిక ఇతర దేశములందును కలదు. కాకసస్ పర్వతముల చెంతనున్న జార్జియా దేశమున మ్త్స్వాది అను శూల్యమాంసము ప్రసిద్ధము. ద్రాక్షతోటలో కత్తిరించి ఎండబెట్టిన తీగెలను మండించి, ఆ నిప్పులపై దానిని కాల్చుదురు. ద్రాక్షరసమును క్వెవ్రి యను మట్టిబానలలో పోసి, వానిని భూమిలో పాతి పులియబెట్టుదురు. ఈ విధానమును 2013లో యునెస్కో మానవజాతి సాంస్కృతిక వారసత్వములలో చేర్చినది. విందులో తమదా అను పెద్ద యొకడుండును. అతడు దేశమును, పితరులను, అతిథులను తలచి నాలుగు మాటలు పలికిన పిమ్మటనే తక్కినవారు పాత్రలెత్తుదురు. తమ పానమును జార్జియావారు సిగ్గుతో దాచుకొనలేదు. మర్యాదతో దానికి హద్దు గీసికొనిరి.

కల్లునకును హద్దులు కలవు. తాటికల్లుగాని, ఈతకల్లుగాని, జీలుగు కల్లుగాని చెట్టునుండి కారునప్పుడు తీయని నీరే. సూక్ష్మజీవులు సోకి గంటలలోనే పులియనారంభించును. నిలువయుంచినచో పులుపెక్కి, తుదకు సిర్కా యగును. మోకును, ముస్తాదును పూని, ప్రాణము పణముగా పెట్టి గీతకార్మికుడు చెట్టెక్కి దింపినంతయే ఆనాటికి కల్లు. త్రాగువాడు వేళకు చెట్టు దగ్గరకు పోవలెను. నలుగురి నడుమ కూర్చుండవలెను. సీసాలోని మద్యమునకు ఈ కట్టుబాట్లు లేవు. అర్ధరాత్రియైనను, ఒంటరిగానైనను, ఖాళీకడుపుననైనను అది సిద్ధమే.

1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు తిరుగబడినది ఇట్టి హద్దులేని సారాపైననే. అక్షరాస్యత తరగతిలో చదివిన పాఠము వారికి ప్రేరణ యైనదన్న సంగతి ఉపాధ్యాయులు మరువరానిది. ఆ యుద్యమము రాష్ట్రమంతట వ్యాపించి 1993లో సారా నిషేధమునకును, 1995లో సంపూర్ణ మద్యనిషేధమునకును దారితీసినది. సంపూర్ణ నిషేధము 1997లో సడలిపోయినను, ఆ స్త్రీలు వేసిన ప్రశ్న నిలిచియే యున్నది: దినమంతయు చెమటోడ్చిన కూలి యింటికి చేరునా, దుకాణమునకు చేరునా?

మరి కల్లు మాత్రము అమృతమా యని అడుగువారు కలరు. న్యాయమైన ప్రశ్నయే. శుద్ధమైన కల్లైనను మితిమీరినచో హానియే. పైగా చెట్లు తగ్గి గిరాకి పెరిగినచోట్ల క్లోరల్ హైడ్రేటు, డైజిపాం, ఆల్ప్రజోలం వంటి మత్తుమందులు కలిపిన ద్రవమును కల్లు పేర అమ్ముట తెలంగాణమున పాతవ్యాధి. వానికి అలవాటుపడినవారు ఒక్కసారిగా మానినచో వణుకు, మూర్ఛ, మతిభ్రమణము కలుగుచున్నవి. 2025 జూలైలో హైదరాబాదు కూకట్‌పల్లి ప్రాంతమున కల్తీకల్లు త్రాగి పలువురు మరణించిరి. ఈ దుర్మరణములు పై మాటను ఖండింపవు, బలపరచును. చెట్టుతో సంబంధము తెగిన కల్లు సీసాలోని సారాకంటెను ప్రమాదకరము.

ఇట్టి విషయము పాఠశాలలో మాటలాడదగునా యని కొందరు సంకోచింతురు. విద్యార్థి కల్లు త్రాగవలసిన పని లేదు, త్రాగరాదు కూడ. కల్లును గూర్చి తెలిసికొనవలసిన పని మాత్రము కలదు. లొట్టి, మోకు, ముస్తాదు, గెల, గీత, పోతుతాడి, పండుతాడి అను మాటలు తరగతిలో కొందరు బాలురకు ఇంటిమాటలు. భాష బోధించు గురువే వానిని నీచముగా నెంచినచో, ఆ బాలుడు తండ్రి వృత్తిని చెప్పుకొనుటకు సిగ్గుపడుట నేర్చుకొనును. శూల్యమునకు అర్థము వ్రాయించిన ఉపాధ్యాయుడు బొంగుకోడిని, అవదంశమును వల్లెవేయించిన పండితుడు నంజుడును పేర్కొనుటకు వెనుదీయనేల?

తాళ్లున్న ఊరి పాఠశాలలో ఒకనాడు గీతకార్మికుని సగౌరవముగా తరగతికి పిలిచి, ఆయన పనిముట్ల పేర్లను ఆయన నోటనే చెప్పించి నల్లబల్లపై వ్రాయింపవచ్చును. అందుకు ఒక్క గంట చాలును. ఆ మాటలలో సగము నేటి నిఘంటువులలో వెదకినను దొరకకపోవచ్చును. తరగతిలో వెనుకబల్లపై కూర్చున్న ఆయన కుమారునికి మాత్రము అన్నియు తెలిసియుండును.