యాభై శాతం అంటే రెండున్నర రూపాయలు!

‘ఏంన్నా, ఆ పాల కంపెనీ యాభై శాతం డివిడెండు ఇస్తాందంట గదా! మనూళ్లో రెండు రూపాయల వడ్డీకి తిప్పినా అంత రాదే?’

మొన్న ప్రొద్దుటూరు వెళ్లినప్పుడు బట్టల వ్యాపారం చేసే మిత్రుడు వేసిన ప్రశ్న ఇది. రూపాయి లెక్క తేడా వస్తే రాత్రి నిద్రపోని మనిషి. ఆయన కూడా బోల్తా పడ్డాడంటే తప్పు ఆయనది కాదు, ఆ ‘శాతం’ అనే మాటది.

ఆయన అడిగింది హెరిటేజ్ ఫుడ్స్ గురించి. 1992లో పుట్టి, మన సీమలోనే చిత్తూరు జిల్లాలో పాల సేకరణతో మొదలై, 1994లో పబ్లిక్ ఇష్యూకు వచ్చిన కంపెనీ. స్థాపించింది నారా చంద్రబాబు నాయుడు కాబట్టి దాని పేరెత్తగానే మాట రాజకీయాల్లోకి మళ్లుతుంది. మనం మాత్రం లెక్కల్లోనే ఉందాం.

డివిడెండు శాతాన్ని కట్టేది మీరు కొన్న ధర మీద కాదు, షేరు ముఖ విలువ మీద. ఈ కంపెనీ షేరు ముఖ విలువ 2017లో పది రూపాయల నుంచి ఐదుకు తగ్గింది. ఐదు రూపాయల్లో యాభై శాతమంటే రెండున్నర. మా మిత్రుడు షేరు ఐదు వందల చొప్పున రెండు వందల షేర్లు కొన్నాడనుకుందాం. పెట్టుబడి లక్ష. ఏడాదికి చేతికొచ్చే డివిడెండు ఐదు వందలు. అంటే ఏడాదికి నూటికి అర్ధ రూపాయి. రెండు రూపాయల వడ్డీ అంటే నెలకు రెండు, ఏడాదికి ఇరవై నాలుగు వేలు! (వాన ఎగ్గొట్టిన ఏడాది వడ్డీ మాట దేవుడెరుగు, అసలు కూడా ఎగిరిపోతుంది. అది వేరే కథ.)

‘అంతకుముందు ఐదు రూపాయలు ఇచ్చినారు గదన్నా, సగం కోసేసినారే?’ అన్నాడు వెంటనే. లెక్క తెలిసినవాడు కదా!

నిజమే. 2021-22కు షేరుకు ఐదు రూపాయలు ఇచ్చారు. 2022-23కు రెండున్నర. కానీ మధ్యలో ఒకటి జరిగింది. 2023 మొదట్లో ఉన్న ప్రతి షేరుకూ మరో షేరును ముఖ విలువకే, అంటే ఐదు రూపాయలకే, రైట్స్ కింద ఇచ్చారు. దాంతో సుమారు 4.64 కోట్ల షేర్లు 9.28 కోట్లయ్యాయి. అప్పుడు ఐదు చొప్పున పంచినా, ఇప్పుడు రెండున్నర చొప్పున పంచినా మొత్తం సుమారు 23 కోట్లే. ఒక పెద్ద రొట్టెను రెండు ముక్కలు చేశారు, అంతే. రైట్స్ తీసుకున్నవాడికి నష్టం లేదు. కాగితాలు చూసుకోక గడువు దాటించుకున్నవాడికి మాత్రం నిజంగానే సగం కోత పడింది.

అసలు చూడాల్సింది షేరుకు ఎంత అని కాదు, లాభంలో ఎంత అని. 2021-22లో కంపెనీ లాభం సుమారు 96 కోట్లు. మరుసటేడు పాల సేకరణ ధరలు పెరిగి, లాభం సుమారు 58 కోట్లకు పడిపోయింది. అయినా పంచింది అదే 23 కోట్లు. 2023-24లో లాభం 106 కోట్లు దాటింది, 2024-25లో 188 కోట్లకు చేరింది. అప్పుడూ షేరుకు రెండున్నరే! చెడ్డ ఏడాది లాభంలో నూటికి నలభై పంచిన కంపెనీ, మంచి ఏడాది పన్నెండు మాత్రమే పంచిందన్నమాట. 2024 జూన్‌లో ఎన్నికల ఫలితాలొచ్చిన కొద్ది రోజుల్లోనే షేరు ధర సగానికి పైగా ఎగబాకింది. డివిడెండు మాత్రం అంగుళం కదల్లేదు.

ఇది పిసినారితనమా? మన పెద్దలు జొన్నలకు పాతర తవ్వేవాళ్లు. పండిన ఏడు నింపి మూసేవాళ్లు, ఎండిన ఏడు తెరిచేవాళ్లు. కంపెనీలూ అంతే. మ్యాగీ వివాదం వచ్చిన 2015నే చూడండి. నెస్లే ఇండియా లాభం 1,185 కోట్ల నుంచి 563 కోట్లకు, సగానికంటే కిందికి పడింది. డివిడెండు మాత్రం 63 రూపాయల నుంచి 48.50కే తగ్గింది. 2019లో ఏకంగా పాతరే తెరిచారు. షేరుకు వచ్చిన లాభం 204 రూపాయలైతే, పంచింది 342! ఆ ఒక్క ఏడాది లెక్క చూసి ఏటా అంతే వస్తుందనుకుని కొన్నవాళ్లకు మరుసటేడు వచ్చింది 200.

పాతరలో పోసినదంతా గింజగా మిగులుతుందన్న పూచీ లేదు, చెమ్మ తగిలి పాడైపోవచ్చు కూడా. హెరిటేజ్ శామీర్‌పేటలో 204 కోట్లతో ఐస్‌క్రీం ప్లాంటు తలపెట్టింది. పంచకుండా ఉంచుకున్న డబ్బు అలాంటి చోట్ల రాబడి తెస్తే షేరుదారుకు మేలే, తేకపోతే డివిడెండుగా ఇచ్చి ఉండాల్సిందే. పెద్ద లిస్టెడ్ కంపెనీలు డివిడెండు విధానాన్ని రాతపూర్వకంగా ప్రకటించాలని 2016లో సెబీ నిబంధన తెచ్చింది. మొదట ఐదు వందల కంపెనీలకు, 2021 నుంచి వెయ్యికి. కంపెనీ వెబ్‌సైట్లో ఉంటుంది, నాలుగైదు పేజీలే. షేరు కొనేవాళ్లలో దాన్ని చదివినవాళ్లు నాకింతవరకు తగల్లేదు.

కర్నూలు, కడప పల్లెల్లో డెయిరీకి పాలు పోసే ఆడవాళ్లకు ఇదంతా వింతగా ఉంటుంది. వాళ్లకు పది పదిహేను రోజులకోసారి పాల బిల్లు వస్తుంది. కంపెనీకి లాభమొచ్చినా నష్టమొచ్చినా కట్టి తీరాల్సిన డబ్బు అది. షేరుదారుది పంక్తిలో చివరి విస్తరి. పాలకు, జీతాలకు, అప్పులకు, పన్నులకు పోగా మిగిలితేనే వడ్డన.

‘అయితే కొనొద్దంటావా?’ అన్నాడు మిత్రుడు.

డివిడెండు కోసమైతే వద్దన్నాను. లాభాలు పెరుగుతాయన్న నమ్మకం ఉంటే ఆలోచించమన్నాను. ఆయన అదేం వినకుండా లోపలికెళ్లి, వాళ్ల నాన్న 1990లలో కొన్న వేరే కంపెనీల కాగితం సర్టిఫికెట్లు రేకు పెట్టెతో సహా తెచ్చాడు. వరుసగా ఏడేళ్లు డివిడెండు తీసుకోకపోతే ఆ డబ్బూ, దాంతోపాటు షేర్లూ కేంద్ర ప్రభుత్వ నిధికి వెళ్లిపోతాయి. దరఖాస్తు చేస్తే వారసులు వెనక్కి తెచ్చుకోవచ్చు. ఆ మధ్యాహ్నమంతా ఇద్దరం ఆ పెట్టె ముందే కూర్చున్నాం.