భయపెడితే జాగ్రత్త రాదు

ఇండియాలో ఉన్న అమ్మానాన్నలకి మనం ఫోన్లో చెప్పే సైబర్ జాగ్రత్తలన్నీ ఒకే ధోరణిలో ఉంటాయి: "తెలియనివాళ్ళతో మాట్లాడకండి, డబ్బంతా పోతుంది!" ప్రభుత్వానిదీ అదే దారి. 2024 చివర్లో అక్కడ ఎవరికి ఫోన్ చేసినా ముందు హెచ్చరిక వినిపించడం మొదలైంది. జనం విసుక్కున్నారు. అమితాబ్ బచ్చన్ గొంతుతో వచ్చిన రికార్డుని 2025 జూన్‌లో తీసేశారు.

నన్నడిగితే, భయపెట్టడంలో దొంగని మనం ఎప్పటికీ మించలేం. "డిజిటల్ అరెస్ట్" సంగతే చూడండి. భారతీయ చట్టంలో అలాంటి అరెస్టే లేదు. అయినా బాగా చదువుకున్నవాళ్ళు, పెద్ద ఉద్యోగాలు చేసి రిటైరైనవాళ్ళు కూడా పడిపోతున్నారంటే అది తెలివితక్కువతనం కాదు. దొంగ యూనిఫారంతో అధికారం చూపిస్తాడు, గడువు పెట్టి తొందరపెడతాడు, ఎవరికీ చెప్పొద్దని ఒంటరిని చేస్తాడు. అధికారం, గడువు మనిషిని ఎలా లొంగదీస్తాయో రాబర్ట్ సియాల్డీని 1984లోనే పుస్తకం రాశాడు. దొంగలు ఆ పాఠాన్ని వంటబట్టించుకున్నారు. మనమే వదిలేశాం.

బెదిరిపోయిన మనిషికి ఉపదేశాలు గుర్తు రావు. ముందే అనుకున్న ఒక్క పని మాత్రం గుర్తొస్తుంది. "ఫలానాది జరిగితే ఫలానాది చేస్తాను" అని ముందే నిర్ణయించుకున్నవాళ్ళు ఆ పని చేసే అవకాశం ఎక్కువని పీటర్ గోల్‌విట్జర్ పరిశోధనలు చెబుతున్నాయి. కాబట్టి "జాగ్రత్త" అనడం మానేసి, "పోలీసునని ఎవడైనా ఫోన్ చేస్తే పెట్టేసి నాకు చెయ్యండి, ఇక్కడ అర్ధరాత్రయినా సరే" అందాం. డబ్బు పోయాక తిట్టొద్దు కూడా. తిడతారన్న భయంతో దాచిపెడితే, 1930కి వెంటనే ఫోన్ చెయ్యాల్సిన సమయం కాస్తా పోతుంది.

అయితే ఇంటి జాగ్రత్త ఒక్కటే చాలదు. 2021లో గూగుల్ వినియోగదారుల్ని బతిమాలడం కట్టిపెట్టి, 15 కోట్ల మందికి పైగా ఖాతాలకి రెండంచెల తనిఖీని తానే ఆన్ చేసింది. వాళ్ళలో ఖాతాలు దొంగల పాలవడం సగానికి తగ్గిందని 2022 ఫిబ్రవరిలో ప్రకటించింది. బ్యాంకులూ ఆ దారి పట్టాలి. పెద్దవాళ్ళ ఖాతా నుంచి కొత్తవాళ్ళకి పెద్ద మొత్తం వెళ్తుంటే ఒక రోజు ఆపడం మామూలు పద్ధతి కావాలి. ఇది స్వేచ్ఛని హరించడం అంటారా? అక్కర్లేదనుకున్నవాళ్ళు తీసేయించుకోవచ్చు. కానీ ఆ తీసెయ్యడానికి కూడా ఒక రోజు పట్టాలి, లేకపోతే దొంగే దగ్గరుండి తీయిస్తాడు!

బ్యాంకులు వింటాయా అంటే, నష్టం తమదైతే వింటాయి. బ్రిటన్‌లో 2024 అక్టోబర్ నుంచి, ఇలా మోసపోయి దేశంలోపలి ఖాతాలకి డబ్బు పంపినవాళ్ళకి 85,000 పౌండ్ల వరకు చాలా సందర్భాల్లో బ్యాంకులే తిరిగి చెల్లించాలి.

మన సంఘాల సభలకి తెలుగు రాష్ట్రాల మంత్రులు, ఎంపీలు వస్తూనే ఉంటారు. ఈసారి దండ వేసి ఫొటో దిగాక, ఈ రెండు నియమాలూ ఢిల్లీలో ఎప్పుడు అడుగుతారని నిలదీద్దాం. ఏమంటారు?